చేతిలో సగం బీటెక్.. ఆన్‌లైన్‌లో అమెరికా డిగ్రీ! క్రెడిట్ల లెక్క తప్పితే పది లక్షలు గల్లంతే

నల్లగండ్ల, హైదరాబాద్: ఏడెనిమిదేళ్ల అనుభవం ఉంది. జీతం బాగానే వస్తోంది. ఫ్లాట్ ఈఎంఐ కూడా నడుస్తోంది. కానీ బీటెక్ పట్టా మాత్రం చేతికి రాలేదు. మూడో ఏడాదిలోనో, నాలుగో ఏడాదిలోనో బ్యాక్‌లాగ్‌ల దగ్గర చదువు ఆగిపోయింది. నల్లగండ్ల, తెల్లాపూర్, గోపనపల్లి వైపు ఐటీ ఉద్యోగుల్లో ఇలాంటి వారు కనబడటం వింతేమీ కాదు. పాలిటెక్నిక్ డిప్లొమాతో ఉద్యోగంలో చేరి నిలదొక్కుకున్నవారు, మూడేళ్ల బీఎస్సీతో సరిపెట్టుకున్నవారూ ఉన్నారు.

కంపెనీ మారదామంటే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో డిగ్రీ అడుగుతారు. ప్రమోషన్ దగ్గర అదే ప్రశ్న. ఎంఎస్‌కు పోదామంటే మొదటి మెట్టే లేదు. సరిగ్గా ఇక్కడే ఫోన్‌లో ఒక ప్రకటన కళ్లబడుతుంది. ‘పాత క్రెడిట్లు బదిలీ చేసుకోండి, ఏడాదిలో అమెరికా డిగ్రీ అందుకోండి’ అని ఊరిస్తుంది.

ఇందులో నిజం లేదా అంటే, ఉంది. అమెరికాలో క్రెడిట్ల బదిలీ దశాబ్దాలుగా నడుస్తున్న పద్ధతే. అయితే ఆ ప్రకటన చెప్పని విషయం ఒకటుంది. పాత క్రెడిట్లు ఎన్ని ఉన్నాయన్నది కాదు, కొత్త డిగ్రీలో అవి ఎక్కడ కూర్చుంటాయన్నదే అసలు లెక్క. ఆ డిగ్రీ చివరకు ఎక్కడ చూపించాలన్నది అంతకంటే ముందు తేలాల్సిన లెక్క. ఈ రెండూ తేలకుండా ఫీజు కడితే ఏళ్లూ పోతాయి, లక్షలూ పోతాయి.

బయటి వైపు ఎందుకు చూస్తున్నారు?

మన దేశంలో ఇంజినీరింగ్ డిగ్రీని ఆన్‌లైన్‌లో చేసే వీల్లేదు. యూజీసీ 2020లో తెచ్చిన దూరవిద్య, ఆన్‌లైన్ నిబంధనల ప్రకారం ఇంజినీరింగ్, వైద్యం లాంటి కోర్సులు ఆ పద్ధతిలో నడపకూడదు. అంతకు ముందే, 2017 నవంబర్ 3న సుప్రీంకోర్టు ఒక కీలక తీర్పు ఇచ్చింది. ఏఐసీటీఈ అనుమతి లేకుండా డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీలపై వేటు వేసింది. ఆ దెబ్బకు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు కూడా మళ్లీ పరీక్షలు రాయాల్సి వచ్చింది.

ఇక ఆగిపోయిన బీటెక్ సంగతి. జేఎన్‌టీయూహెచ్ నిబంధనల్లో నాలుగేళ్ల కోర్సుకు ఎనిమిదేళ్ల గడువు ఉంటుంది. ఆ గడువు దాటితే సీటు పోయినట్టే. యూనివర్సిటీలు అప్పుడప్పుడూ ‘వన్ టైమ్ ఛాన్స్’ ఇస్తుంటాయి. కానీ అది ఎప్పుడొస్తుందో, ఏ బ్యాచ్‌లకు వర్తిస్తుందో నోటిఫికేషన్ వస్తే తప్ప తెలియదు. ఉద్యోగం మానేసి మళ్లీ క్లాసుకు వెళ్లడం కుదరని పని. అందుకే చూపు అమెరికా, బ్రిటన్ ఆన్‌లైన్ డిగ్రీల మీద పడుతోంది.

క్రెడిట్ అంటే ఒక్కో దేశంలో ఒక్కో కొలత

జేఎన్‌టీయూహెచ్ ఆర్18, ఆర్22 రెగ్యులేషన్లలో బీటెక్‌కు 160 క్రెడిట్లు కావాలి. అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీకి సాధారణంగా 120 సెమిస్టర్ క్రెడిట్లు. బ్రిటన్‌లో ఆనర్స్ డిగ్రీకి 360. యూరప్‌లో ఏడాదికి 60 చొప్పున లెక్క.

అంకెలు చూసి మోసపోవద్దు. 160 ఉన్నవాడు 120 అడిగే చోటికి వెళ్తే 40 మిగులుతాయనుకోవడం మొదటి పొరపాటు. కిలోలు, పౌండ్లలా ఇవి వేర్వేరు తూకాలు. అమెరికా లెక్కలో ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు రెండు గంటల సొంత చదువు, అలా ఒక సెమిస్టర్ అంతా. బ్రిటన్‌లో ఒక క్రెడిట్ అంటే మొత్తం పది గంటల చదువు. అందుకే విదేశీ ఎవాల్యుయేటర్లు ఎక్కువగా ‘ఏడాదికి ఏడాది’ పద్ధతిలో చూస్తారు. ఇక్కడ ఒక ఏడాది ఫుల్‌టైమ్ చదువు అక్కడ సుమారు 30 క్రెడిట్లు. అంటే బీటెక్‌లో పాసైన 120 క్రెడిట్లు అక్కడికి చేరేసరికి 90 దగ్గర ఆగుతాయి.

గ్రేడ్ల దగ్గరా ఇదే తంతు. జేఎన్‌టీయూహెచ్‌లో 40 నుంచి 49 మార్కులకు సీ గ్రేడ్. చాలా అమెరికా యూనివర్సిటీలు ‘సీ లేదా ఆపైన’ వస్తేనే సబ్జెక్టును తీసుకుంటాయి. ఇక్కడి సీ, అక్కడి సీ ఒకటే అని ముందే అనుకోకూడదు. ఎవాల్యుయేటర్ ఎలా మార్చి రాస్తే అదే ఖరారు. ఫెయిలైన సబ్జెక్టులకు ఎలాగూ లెక్కే ఉండదు.

ఒప్పుకోవడం వేరు.. లెక్కలోకి రావడం వేరు

మొత్తం వ్యవహారంలో అసలు మెలిక ఇదే. యూనివర్సిటీ ‘90 క్రెడిట్లు అంగీకరించాం’ అని మెయిల్ పంపితే, ఇంకా 30 చదివితే చాలని సంబరపడిపోతారు. కానీ అంగీకరించిన ప్రతి క్రెడిట్టూ డిగ్రీకి పనికిరాదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక వ్యక్తి మెకానికల్ ఇంజినీరింగ్ మూడేళ్లు చదివి ఆపేశాడనుకుందాం. ఇప్పుడు టెస్టింగ్ ఉద్యోగంలో ఉన్నాడు. అమెరికా యూనివర్సిటీలో ఆన్‌లైన్ ఐటీ డిగ్రీకి దరఖాస్తు చేశాడు. పాత చదువుకు 90 క్రెడిట్లు వచ్చాయి. ఆ ఐటీ డిగ్రీలో 120 క్రెడిట్లు ఇలా ఉన్నాయనుకుందాం: జనరల్ సబ్జెక్టులు 40, ఐటీ మేజర్ 50, ఎలక్టివ్‌లు 30.

జనరల్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, ఇంగ్లిష్ కలిపి 25 సరిపోయాయి. చరిత్ర, సామాజిక శాస్త్రాలు ఇంజినీరింగ్‌లో చదవలేదు కాబట్టి 15 మిగిలాయి. మేజర్‌లో సీ ప్రోగ్రామింగ్, ఇంకో సబ్జెక్టు కలిపి 6 మాత్రమే కుదిరాయి. అక్కడ 44 మిగిలాయి. థర్మోడైనమిక్స్, మెషిన్ డ్రాయింగ్, ఫ్లూయిడ్ మెకానిక్స్ అన్నీ ఎలక్టివ్‌ల గంపలో పడ్డాయి. ఆ గంపలో పట్టేదే 30. మిగతావి పొంగి కింద పారబోసినట్టే.

మొత్తం కలిపితే లెక్కలోకి వచ్చినవి 61. ఇంకా చదవాల్సినవి 59. కాగితం మీద 30 మిగిలాయనుకున్నవి నిజంలో దాదాపు రెట్టింపయ్యాయి. క్రెడిట్‌కు 400 డాలర్లు, డాలర్‌కు 90 రూపాయలు వేసుకున్నా, అదనంగా చదవాల్సిన ఆ 29 క్రెడిట్ల ధర 10 లక్షల 44 వేల రూపాయలు! కాలం సంగతీ అంతే. ఉద్యోగం చేస్తూ టర్మ్‌కు రెండు సబ్జెక్టులు, ఏడాదికి మూడు టర్మ్‌లు చదివితే, 59 క్రెడిట్లకు మూడేళ్లు దాటుతుంది. ‘ఏడాదిలో డిగ్రీ’ మాట ఎక్కడికి పోయినట్టు?

అదే మూడేళ్లు కంప్యూటర్ సైన్స్ చదివిన వారికి కథ మారుతుంది. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్ నేరుగా మేజర్‌లో కూర్చునే అవకాశం ఎక్కువ. అంటే ఒకే సంఖ్యలో క్రెడిట్లు ఉన్న ఇద్దరికి బిల్లు మాత్రం వేర్వేరుగా వస్తుంది.

మరో చిక్కు కూడా ఉంది. చాలా యూనివర్సిటీలు కొన్ని క్రెడిట్లు తమ దగ్గరే చదవాలంటాయి. అరిజోనా స్టేట్ యూనివర్సిటీనే తీసుకుంటే, కనీసం 30 క్రెడిట్లు అక్కడే చదవాలి. మొత్తం 120లో కనీసం 45 పైస్థాయి కోర్సులు అయి ఉండాలి. మొదటి, రెండో ఏడాది సబ్జెక్టులు ఎన్ని తెచ్చినా ఈ 45 నిండవు. సిలబస్ పాతబడిందనే అభ్యంతరం కూడా ఉంటుంది. టెక్నాలజీ సబ్జెక్టులకు ఐదేళ్లు, పదేళ్లు అంటూ గడువు పెట్టే యూనివర్సిటీలున్నాయి. 2010లో చదివిన నెట్‌వర్కింగ్ పేపర్‌కు 2026లో విలువ కట్టరని గొడవపడి లాభం లేదు.

ఏ తలుపు ఎంత తెరుస్తుంది?

క్రెడిట్ల బదిలీకి పేరుపడ్డ యూనివర్సిటీలు కొన్ని అమెరికాలో ఉన్నాయి. న్యూజెర్సీలోని థామస్ ఎడిసన్ స్టేట్ యూనివర్సిటీ 1972లో, కనెక్టికట్‌లోని చార్టర్ ఓక్ స్టేట్ కాలేజీ 1973లో మొదలయ్యాయి. రెండూ ప్రభుత్వ సంస్థలే. ఉద్యోగాల్లో ఉన్న పెద్దవాళ్ల ఆగిపోయిన చదువులు పూర్తి చేయించడమే వీటి పని. చార్టర్ ఓక్‌లో మొదట ఒక కార్నర్‌స్టోన్ కోర్సు, చివర ఒక క్యాప్‌స్టోన్ కోర్సు అక్కడే తప్పకుండా చేయాలి. మిగతా చాలా భాగం బయటి నుంచి తెచ్చుకోవచ్చు.

1997లో మొదలైన వెస్ట్రన్ గవర్నర్స్ యూనివర్సిటీ పద్ధతి వేరు. అక్కడ క్రెడిట్‌కు ఇంత అని కాదు, ఆరు నెలల టర్మ్‌కు ఇంత అని ఫీజు. వేగంగా చదివే వారికి ఖర్చు తగ్గుతుంది. డిగ్రీలో మూడు వంతుల దాకా బదిలీకి అవకాశం ఉంది. కానీ ఇది ప్రధానంగా అమెరికాలో నివసించే వారి కోసం నడిచే యూనివర్సిటీ. నల్లగండ్లలో కూర్చుని యూట్యూబ్ వీడియోలు చూసి దీని మీద ప్లాన్ వేసుకుంటే అడ్మిషన్ దగ్గరే ఆగిపోవాల్సి వస్తుంది. అమెరికాలో ఉన్న బంధువు చేశాడు కదా అని ఇక్కడున్నవారు అదే దారి పట్టలేరు.

2009లో మొదలైన యూనివర్సిటీ ఆఫ్ ది పీపుల్ పేరు కూడా తరచూ వినిపిస్తుంది. ట్యూషన్ ఫీజు లేదంటారు కానీ ప్రతి కోర్సుకూ అసెస్‌మెంట్ ఫీజు ఉంటుంది. చాలాకాలం దూరవిద్య సంస్థలకు అక్రెడిటేషన్ ఇచ్చే మండలి గుర్తింపుతో నడిచింది. 2025లో అమెరికా పశ్చిమ రాష్ట్రాల పెద్ద అక్రెడిటేషన్ సంస్థ డబ్ల్యూఎస్‌సీయూసీ గుర్తింపు కూడా వచ్చింది.

బ్రిటన్ వైపు చూస్తే, లండన్ యూనివర్సిటీ 1858 నుంచే బయటి విద్యార్థులకు డిగ్రీలు ఇస్తోంది. 2019లో కోర్సెరా వేదికగా కంప్యూటర్ సైన్స్ బీఎస్సీ మొదలుపెట్టింది. అక్కడ గంపగుత్త బదిలీ ఉండదు. సబ్జెక్టు సబ్జెక్టుకూ సిలబస్ పోల్చి మినహాయింపు ఇచ్చే పద్ధతి.

చవక క్రెడిట్లు.. మంచివే, కానీ వరుస తప్పొద్దు

సోఫియా, స్టడీ డాట్ కామ్, స్ట్రెయిటర్‌లైన్ లాంటి సంస్థలు తక్కువ ధరకు ఆన్‌లైన్ కోర్సులు ఇస్తాయి. వీటిలో చాలా కోర్సులకు అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్, అంటే ఏసీఈ, క్రెడిట్ సిఫార్సు చేస్తుంది. గూగుల్ ఐటీ సపోర్ట్ సర్టిఫికెట్‌కూ అలాంటి సిఫార్సు ఉంది.

ఇక్కడ గమనించాల్సిన మాట ‘సిఫార్సు’. ఏసీఈ చెప్పింది కాబట్టి యూనివర్సిటీ తీసుకోవాలన్న రూలేమీ లేదు. ఒకచోట మూడు క్రెడిట్లు ఇచ్చిన కోర్సుకు ఇంకోచోట సున్నా ఇస్తారు. ముందు డజను కోర్సులు పూర్తి చేసి, తర్వాత యూనివర్సిటీ వెతుక్కోవడం అంటే కొలతలు తీయకుండా తలుపు చేయించి, ఆపైన గోడకు కన్నం కొట్టడం లాంటిదే. ముందు యూనివర్సిటీ, తర్వాత దాని డిగ్రీ ప్లాన్, ఆ తర్వాత ఏ ఖాళీలో ఏ కోర్సు పెట్టాలన్న నిర్ణయం. ఈ వరుసలో వెళ్తే మాత్రం పై ఉదాహరణలో మిగిలిన చరిత్ర, సామాజిక శాస్త్రాల 15 క్రెడిట్లను చాలా తక్కువ ఖర్చుతో ముగించవచ్చు.

ఇక్కడ చాలామందికి ఇంకో సందేహం వస్తుంది. మన దగ్గర అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఉంది కదా, అది పనికిరాదా? 2021లో మొదలైన ఈ బ్యాంకు మన దేశంలో నమోదైన విద్యాసంస్థల మధ్య బదిలీ కోసం. అందులో క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్లు నిల్వ ఉంటాయి. విదేశీ యూనివర్సిటీకి కావాల్సింది మాత్రం కాలేజీ చదువుకు సంబంధించిన అధికారిక ట్రాన్‌స్క్రిప్ట్, సబ్జెక్టుల సిలబస్, చాలా సందర్భాల్లో డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థ చేసిన కోర్సువారీ ఎవాల్యుయేషన్.

అసలు ప్రశ్న: ఆ డిగ్రీ ఇక్కడ చెల్లుతుందా?

కథలో రెండో మలుపు ఇది. క్రెడిట్లన్నీ బదిలీ అయ్యి, డిగ్రీ చేతికొచ్చినా, నల్లగండ్లలో ఉండేవారికి అది ఎక్కడ పనికొస్తుందన్నది వేరే ప్రశ్న.

ప్రైవేటు కంపెనీలు తమ విధానం ప్రకారం చూస్తాయి. చాలావరకు యూనివర్సిటీకి అక్కడి అక్రెడిటేషన్ ఉందా, పట్టా అసలైనదేనా అని వెరిఫై చేస్తాయి. ప్రభుత్వ ఉద్యోగం, ఇక్కడి యూనివర్సిటీలో పీజీ, పీహెచ్‌డీ అంటే మాత్రం సమానత్వ ధ్రువీకరణ కావాలి. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం, అంటే ఏఐయూ, ఏళ్ల తరబడి అనుసరించిన విధానంలో విదేశంలో క్యాంపస్‌కు వెళ్లి రెగ్యులర్‌గా చదవడం ముఖ్య షరతు. 2025 ఏప్రిల్‌లో యూజీసీ విదేశీ డిగ్రీల గుర్తింపుపై కొత్త నిబంధనలు నోటిఫై చేసింది. ఫ్రాంచైజీ ఏర్పాట్ల ద్వారా పొందిన డిగ్రీలకు గుర్తింపు ఉండదని అందులో తేల్చిచెప్పింది.

అంతకు ముందు, 2023 డిసెంబర్‌లోనే యూజీసీ ఒక హెచ్చరిక చేసింది. కొన్ని ఎడ్‌టెక్ కంపెనీలు విదేశీ యూనివర్సిటీలతో కలిసి ఆన్‌లైన్ డిగ్రీలు ఇస్తున్నట్టు ప్రకటనలు గుప్పిస్తున్నాయని, అలాంటి వాటికి తమ గుర్తింపు లేదని స్పష్టం చేసింది. 2022 నాటి ట్విన్నింగ్, జాయింట్, డ్యూయల్ డిగ్రీ నిబంధనలు కూడా ఆన్‌లైన్, దూరవిద్య కోర్సులకు వర్తించవు.

కాబట్టి గ్రూప్స్ రాయాలన్న ఆలోచన మనసులో ఏ మూల ఉన్నా, ఉస్మానియాలో ఎంటెక్ చేయాలన్న కోరిక ఉన్నా, ఆన్‌లైన్ విదేశీ డిగ్రీ ప్రమాదకరమైన పందెం. ప్రైవేటు ఐటీలోనే కొనసాగుతూ, రేపు విదేశాల్లో ఎంఎస్ చేయాలనుకునే వారికి మాత్రం అక్రెడిటేషన్ ఉన్న అమెరికా డిగ్రీ పనికొచ్చే వస్తువే. ఒకే పట్టా ఒకరికి నిచ్చెన అయితే మరొకరికి గోడ మీద ఫొటో మాత్రమే అవుతుంది.

వీసా ఆశ పెట్టుకుంటే..

అమెరికా కాన్సులేట్ 2023 మార్చిలో బేగంపేట నుంచి నానక్‌రామ్‌గూడకు వచ్చింది. నల్లగండ్ల నుంచి పెద్ద దూరమేమీ కాదు. కానీ ఆన్‌లైన్ డిగ్రీతో ఆ గడప తొక్కే పని లేదు. పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే కోర్సుకు ఎఫ్-1 స్టూడెంట్ వీసా ఇవ్వరు. ఎఫ్-1 మీద అక్కడున్న వారికి కూడా ఒక టర్మ్‌లో ఒక ఆన్‌లైన్ క్లాసును, అదీ మూడు క్రెడిట్లకు మించకుండా, ఫుల్‌టైమ్ చదువు కింద లెక్కేస్తారు. కాబట్టి ఓపీటీ మాట అసలే రాదు.

ఈ రూల్ తెలియక, తెలిసినా పట్టించుకోక, తెలుగు విద్యార్థులు దెబ్బతిన్న చరిత్ర ఉంది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అమెరికా అధికారులు దాడి చేశారు. అక్కడ చేరిన వెయ్యికి పైగా విద్యార్థుల్లో చాలామంది అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవారే. విద్యార్థులు దేశమంతటా ఎక్కడెక్కడో ఉంటూ పని చేసుకుంటుంటే, కాగితాల మీద మాత్రం క్యాంపస్‌లో ఉన్నట్టు చూపారు. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టడం ఇక్కడ పెద్ద దుమారమే లేపింది. ఆ యూనివర్సిటీ నడిపిన సుసాన్ సూకు 2014లో 16 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అధికారులే పన్నిన వలలోనూ ఎక్కువగా చిక్కింది మనవాళ్లే.

ఈ రెండు ఉదంతాలూ చెప్పేదొక్కటే. యూనివర్సిటీ పేరు బాగుందనో, వెబ్‌సైట్ బాగుందనో నమ్మకూడదు. అమెరికా విద్యాశాఖ నిర్వహించే అక్రెడిటేషన్ డేటాబేస్‌లో పేరు ఉందో లేదో చూడటానికి రెండు నిమిషాలు చాలు. ఏజెంటును అడగక్కర్లేదు.

హెచ్-1బీ సంగతి కొంచెం వేరు. ఆ వీసాకు అమెరికా బ్యాచిలర్ డిగ్రీ గానీ, దానికి సమానమైన విదేశీ చదువు గానీ ఉండాలి. డిగ్రీ చదువులో తక్కువ పడ్డ ప్రతి ఏడాదికి మూడేళ్ల తగిన అనుభవాన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతి కూడా నిబంధనల్లో ఉంది. ఆగిపోయిన చదువు, పదేళ్ల అనుభవం ఉన్నవారు కేవలం వీసా కోసమే ఆన్‌లైన్ డిగ్రీకి పరుగెత్తే ముందు ఇది ఒకసారి చూసుకోవాలి.

డల్లాస్‌లో ఉన్నవారికి దారి వేరు

ఇక్కడ డిగ్రీ మధ్యలో ఆపి, పెళ్లయ్యాక హెచ్-4 వీసా మీద అమెరికా వెళ్లిన ఆడపిల్లలకు క్రెడిట్ల బదిలీ నిజంగా వరం. హెచ్-4 మీద చదువుకోవడానికి అడ్డు లేదు, ఫుల్‌టైమ్ అయినా, పార్ట్‌టైమ్ అయినా. తెలుగువారు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో ఇంకో సౌలభ్యం ఉంది. అక్కడి ప్రభుత్వ కాలేజీల్లో 42 క్రెడిట్ల కోర్ కరిక్యులం పూర్తి చేస్తే, దాన్ని రాష్ట్రంలోని మరో ప్రభుత్వ యూనివర్సిటీ మొత్తంగా అంగీకరించాలి. ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో జనరల్ సబ్జెక్టులు చవకగా ముగించి, పెద్ద యూనివర్సిటీకి మారే దారి ఇదే.

నల్లగండ్లలో ఉన్న అన్నకు, ఫ్రిస్కోలో ఉన్న చెల్లెలికి ఒకే సలహా పనికిరాదు. చెల్లెలి డిగ్రీ చెల్లాల్సింది అమెరికాలో, అన్న డిగ్రీ చెల్లాల్సింది బహుశా ఇక్కడ.

ఇంటి దగ్గరి దారులు చూశారా?

దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది హైదరాబాద్‌లోనే. అదే నేటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. పని చేసుకుంటూ చదువుకోవడం మనకు అమెరికా నేర్పిన విద్యేమీ కాదు.

ఇప్పుడు దారులు ఇంకా పెరిగాయి. ఐఐటీ మద్రాస్ 2020లో డేటా సైన్స్ ఆన్‌లైన్ డిగ్రీ మొదలుపెట్టింది. జేఈఈ లేకుండానే క్వాలిఫయర్ దాటి చేరవచ్చు. పాఠాలు ఆన్‌లైన్‌లో, పరీక్షలు మాత్రం సెంటర్‌కు వెళ్లి రాయాలి. 114 క్రెడిట్లతో బీఎస్సీ, 142తో నాలుగేళ్ల బీఎస్. మధ్యలో ఆగినా చదివిన మేరకు సర్టిఫికెట్, డిప్లొమా దక్కుతాయి. బిట్స్ పిలానీ కూడా 2022లో కోర్సెరా ద్వారా కంప్యూటర్ సైన్స్ బీఎస్సీ తెచ్చింది. డిప్లొమా ఉన్నవారి కోసం 2023-24 నుంచి ఏఐసీటీఈ ఉద్యోగులకు అనువైన వేళల్లో బీటెక్ నడిపేందుకు కాలేజీలకు అనుమతులిస్తోంది. ఈసెట్‌తో నేరుగా రెండో ఏడాదిలో చేరడం తెలుగు రాష్ట్రాలకు పాత అలవాటే. క్రెడిట్ల బదిలీకి మన ఊరి రూపం అదే అనుకోవచ్చు.

వీటిలో పాత బీటెక్ క్రెడిట్లు అమెరికాలోలా కలిసిరావు. చాలావరకు మొదటి నుంచి మొదలుపెట్టాలి. కానీ ఈ డిగ్రీకి ఇక్కడ గుర్తింపు గొడవ లేదు, ఫీజు రూపాయల్లో ఉంటుంది. పై ఉదాహరణలో అమెరికా దారికి మూడేళ్లు దాటుతోంది. ఇక్కడ మొదటి నుంచి చదివితే మూడు నుంచి నాలుగేళ్లు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, బదిలీతో మిగిలే కాలం అనుకున్నంత ఎక్కువేమీ కాదని తేలవచ్చు. నాలుగైదు బ్యాక్‌లాగ్‌లే మిగిలి, ఎనిమిదేళ్ల గడువు ఇంకా ఉన్నవారికైతే అన్నిటికన్నా దగ్గరి దారి ఆ సప్లిమెంటరీ పరీక్షలే.

డబ్బు పంపే ముందు

విదేశాలకు ఫీజు పంపేది ఆర్‌బీఐ లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ కింద. ఏడాదికి ఒక్కొక్కరికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా టీసీఎస్ పడదు. పడినా అది రిటర్న్స్‌లో సర్దుబాటు అవుతుంది కానీ అప్పటిదాకా చేతిలో డబ్బు కట్టుబడి ఉంటుంది. ట్రాన్‌స్క్రిప్ట్ ఖర్చు, ఎవాల్యుయేషన్ ఫీజు, అప్లికేషన్ ఫీజు, డాలర్ పెరుగుదల కూడా కలుపుకోవాలి. ఫీజుల పట్టికలో ఇవేవీ కనబడవు.

ఏ వరుసలో అడుగేయాలి?

మొదట, ఆ డిగ్రీ ఎవరికి చూపించాలో రాసుకోవాలి. ఇప్పటి కంపెనీ హెచ్‌ఆర్‌కా, విదేశీ ఎంఎస్‌కా, ప్రభుత్వ ఉద్యోగానికా? ఆ చివరి తలుపు దగ్గరున్న వారిని అడిగి, సమాధానం మెయిల్ రూపంలో తీసుకోవాలి. ఫోన్‌లో చెప్పిన మాట రేపు నిలబడదు.

రెండు, రెండు మూడు యూనివర్సిటీలను ఎంచుకుని అక్రెడిటేషన్ సరిచూసుకోవాలి. ఇండియాలో ఉంటూ చదివే విద్యార్థులను చేర్చుకుంటారో లేదో అడగాలి.

మూడు, జేఎన్‌టీయూహెచ్ గానీ, ఉస్మానియా గానీ, చదివిన యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్, పాత సిలబస్ కాపీలు తెచ్చుకోవాలి. ఏ రెగ్యులేషన్‌లో చదివారో అదే సిలబస్ కావాలి. కొత్తది పనికిరాదు.

నాలుగు, ఫీజు కట్టకముందే డిగ్రీ ఆడిట్ అడగాలి. ‘ఎన్ని క్రెడిట్లు తీసుకుంటారు’ అని కాదు, ‘నా డిగ్రీకి ఇంకా ఏయే కోర్సులు మిగులుతాయి’ అని అడగాలి. ఆ జాబితా రాతపూర్వకంగా ఇవ్వలేమన్న చోట డబ్బు కట్టకపోవడమే మేలు.

ఐదు, ఆ మిగిలిన జాబితాను ఉద్యోగంతో పాటు వారానికి ఎన్ని గంటలు చదవగలరో దాంతో భాగించాలి. అప్పుడు వచ్చేదే అసలు గడువు. దాన్ని ఇక్కడి డిగ్రీల గడువుతో, ఖర్చుతో పోల్చి చూడాలి.

ఈ ఐదింటిలో మొదటి నాలుగింటికి పెద్దగా ఖర్చు లేదు, కొన్ని వారాల ఓపిక చాలు. లక్షలు అడిగేది ఆ తర్వాతి అడుగే. క్రెడిట్లు సంపాదించింది విద్యార్థే అయినా వాటికి విలువ కట్టేది మాత్రం తీసుకునే యూనివర్సిటీ. ఆ విలువ ఎంతో ముందే రాయించుకున్నవారికి ఆగిపోయిన చదువు అక్కరకొస్తుంది. రాయించుకోని వారు ఒకసారి మధ్యలో ఆగిన చదువును, ఈసారి డాలర్లు కట్టి మరీ మధ్యలో ఆపాల్సి వస్తుంది.